దానంగా వచ్చిన సముద్రపు ఒడ్డు భూమిలో కాలిబాట: ఎక్కడ వేయాలి, ఎక్కడ వేయకూడదు?

కొత్త_ట్రస్టీ

మా ట్రస్టుకి ఒక దాత సముద్రం ఒడ్డున 60 ఎకరాలు రాసిస్తామంటున్నారు. ఆయన అడిగేవి రెండే. ఎప్పటికీ కట్టడాలు రాకూడదు, జనం నడవడానికి దారి ఉండాలి.

రోడ్డు వైపు సుమారు 20 ఎకరాలు మెరక, చెట్లు. మధ్యలో ఉప్పునీటి చిత్తడి, అమావాస్య, పౌర్ణమి పోటుకి నీళ్లెక్కుతుంది. దాని అవతల ఇసుక దిబ్బల వరస, ఆ పైన బీచి. ఉత్తరం కొసన 30 అడుగుల ఎత్తు మట్టి గట్టు, దాని అడుగున అలలు తగులుతుంటాయి. ఇప్పటికే జనం దిబ్బల మీదుగా తొక్కిన దొంగదారులు నాలుగైదు ఉన్నాయి.

కమిటీలో ఎక్కువమంది అనేదేమిటంటే గట్టు అంచు వెంట ఒక బాట, చిత్తడి మీదుగా దిబ్బలు దాటుకుని తిన్నగా బీచికి ఒక చెక్కబాట. ఇది సరైనదేనా? కాకపోతే ఏ వరసలో వెళ్లాలి? రిజిస్ట్రేషన్‌కి ముందే చూసుకోవాల్సినవి ఏమైనా ఉన్నాయా?

దస్తావేజు

బాట సంగతి మిగతావాళ్లు చెబుతారు. నేను కాగితం వరకే. చట్టం దేశానికో రకం, స్థానిక లాయరు చూడాల్సిందే. అయితే ఇబ్బంది పెట్టేవి మాత్రం అన్నిచోట్లా ఇంచుమించు ఇవే.

భూమిని పూర్తిగా ట్రస్టు పేరిట రాయడం ఒకటి. యాజమాన్యం దాత దగ్గరే ఉంచి, కట్టుకునే హక్కు, ముక్కలు చేసి అమ్ముకునే హక్కు మాత్రం శాశ్వతంగా వదులుకుంటూ పరిరక్షణ ఒప్పందం రిజిస్టర్ చేయడం ఇంకొకటి. ఈ ఒప్పందం తర్వాత కొన్నవాళ్లని, వారసుల్ని కూడా కట్టేస్తుంది. ఇక్కడే చాలామంది పొరబడతారు. పరిరక్షణ ఒప్పందం ఉన్నంత మాత్రాన జనానికి నడిచే హక్కు రాదు. దాన్ని విడిగా రాయాలి. పూర్తి దానంలో ఇబ్బంది వేరు: ట్రస్టు పేరిట ఉన్న భూమిని పదేళ్ల తర్వాత ఇంకో కమిటీ అమ్మేయకుండా ఆపేదేమిటి? వీలైతే భూమి మీ ట్రస్టుకి, దాని మీది పరిరక్షణ ఒప్పందం మరో సంస్థకి ఇప్పించండి. ఒకరి మీద ఇంకొకరి కన్ను ఉంటుంది.

"జనం నడవడానికి దారి ఉండాలి" అన్న వాక్యాన్ని అలాగే దింపకండి. ఒడ్డు కదిలే భూమి. ఈ రోజు గీసిన దారి ఇరవై ఏళ్లకు నీళ్లలో ఉండొచ్చు, అప్పుడు షరతు తప్పినట్టవుతుంది. పక్షులు గుడ్లు పెట్టే కాలంలో మూయాలన్నా అదే చిక్కు. "ట్రస్టు గుర్తించిన బాటల్లో, కాలినడకన మాత్రమే, బాటను మార్చడానికి, కొంతకాలం మూయడానికి ట్రస్టుకి అధికారం ఉంటుంది" అనే అర్థం వచ్చేలా రాయించండి. బాట గీతని దస్తావేజు మ్యాపులో ఎక్కించొద్దు.

సంతకాల నాటికి భూమి ఏ స్థితిలో ఉందో చూపే రికార్డు తయారు కావాలి. ఎక్కడ నిలబడి, ఏ దిక్కుకి తిరిగి ఫొటో తీశారో జీపీఎస్ అంకెలతో సహా రాయండి. ఉన్న దారులు, కంచెలు, పూడికలు, చెత్త కుప్పలు అన్నీ అందులో రావాలి. ఇద్దరూ సంతకం పెట్టాలి. రేపు పక్కవాడు చెట్లు కొట్టేసి "ముందునుంచీ ఇంతే" అంటే చూపడానికి ఇదొక్కటే ఉంటుంది. హద్దుల సర్వే, హద్దురాళ్లు కూడా ఇప్పుడే. సముద్రం వైపు హద్దు స్థిరమైన గీతా, పోటు గీతతో పాటు కదిలేదా అన్నది లాయరుని సూటిగా అడగండి. పడవలవాళ్లకో పొరుగువాళ్లకో పాత నడక హక్కులుంటే అవి దానంతో మాయమైపోవు.

చివరగా డబ్బు. భూమి ఉచితంగా వచ్చినా దాని ఆలనాపాలనా ఉచితం కాదు. నిధిలోంచి ఏటా 4 శాతం మాత్రమే వాడాలనుకుంటే, ఏడాది ఖర్చుకి 25 రెట్లు మూలధనం కావాలి. భూమితో పాటు ఈ నిధిలో కొంతైనా ఇవ్వమని దాతని అడగడంలో మొహమాటం అక్కర్లేదు. అది ఈ రంగంలో మామూలే.

ఈ పద్ధతికి వయసు తక్కువేం కాదు. బ్రిటన్‌లో భూములు, పాత కట్టడాలు కాపాడే సంస్థ నేషనల్ ట్రస్టుకి మొట్టమొదట వచ్చిన భూమి 1895లో ఫానీ టాల్బట్ ఇచ్చిన డీనస్ ఓలై. వేల్స్‌లో బార్మత్ ఊరి పైన, సముద్రానికి ఎదురుగా నాలుగున్నర ఎకరాల కొండవాలు. జనం ఇప్పటికీ నడుస్తున్నారు.

బాటమేస్త్రి

గట్టు అంచు వెంట బాట వద్దు. కమిటీ వాళ్లకి కోపం వచ్చినా సరే.

లెక్క ఇలా వేయండి. ముప్పై, నలభై ఏళ్ల ఎడంతో తీసిన రెండు విమాన ఫొటోలు సంపాదించి, రోడ్డో రాతి కట్టడమో కదలని గుర్తు నుంచి గట్టు అంచు ఎంత వెనక్కి వచ్చిందో కొలవండి. ఏడాదికి సగటున అడుగు అనుకుంటే 30 ఏళ్లకి 30 అడుగులు. అయితే సగటుని నమ్ముకుని కూర్చోకూడదు. మట్టి గట్టు ఏడాదికో అడుగు చొప్పున బుద్ధిగా తరగదు, పదేళ్లు కదలకుండా ఉండి ఒక్క తుపానుకి 15 అడుగులు కూలుతుంది. కాబట్టి ఆ 30కి, ఒక్కసారిగా కూలే అతిపెద్ద ముక్క వెడల్పు కూడా కలపండి. 45 వచ్చింది, 50 అనుకోండి. బాట అంచు నుంచి అంత లోపల ఉండాలి. అంచుకి సమాంతరంగా నేలలో సన్నటి పగుళ్లు, సముద్రం వైపు ఒరిగిన చెట్లు కనిపిస్తే ఇంకా లోపలికి జరగండి. బాట మీద పడ్డ వాన నీళ్లని గట్టు వైపు వదలడం ఘోరమైన తప్పు. కింద అల తినే దానికంటే పైనుంచి నానిన మట్టి తొందరగా జారుతుంది.

సముద్రం కనిపించాలి కదా అంటారు. కనిపించాలి, కానీ ఒక్కచోట. లోపలి బాట నుంచి ఒక చిన్న కొమ్మ తీసి, అన్నిటికంటే గట్టిగా ఉన్నచోట ఆపండి. అక్కడ పునాది లేని బల్ల ఒకటి వేయండి, అంచు వెనక్కి వస్తే ఎత్తి జరుపుకోవచ్చు. చూడ్డానికి ఒక మంచి చోటు ఇస్తే జనం అంచు పొడుగునా తొంగిచూడరు. ఇవ్వకపోతే వాళ్లే పది చేసుకుంటారు.

మెరక భూమిలో పని తేలికే. గుర్తుంచుకోవాల్సింది సగం సూత్రం: బాట వాలు, అది అడ్డంగా కోసుకుపోయే నేల వాలులో, అంటే పక్కవాలులో, సగానికి మించకూడదు. పక్కవాలు 20 శాతం ఉంటే బాట 10 శాతం లోపు. మించితే వాన నీళ్లు బాటని అడ్డంగా దాటిపోకుండా బాట వెంటే పరుగెడతాయి, రెండు వానాకాలాల్లో కాలువ అయి కూర్చుంటుంది. నడిచే చోటుని దిగువ వైపుకి 5 శాతం వాల్చండి. ప్రతి 20 నుంచి 50 అడుగులకు ఒకసారి బాట కాస్త దిగి మళ్లీ ఎక్కేలా మలిస్తే నీళ్లు అక్కడే బయటికి పోతాయి. వాలు కొలవడానికి క్లైనోమీటర్ వాడండి, కంటి అంచనాని నమ్మకండి. గీత ఖాయం చేసేముందు 10 అడుగులకో జెండా గుచ్చి, ఎడతెరిపి లేని వానలో ఒకసారి, ఎండలో ఒకసారి నడిచి చూడండి.

వెడల్పు రెండడుగులు చాలు. కొమ్మలు కొట్టేది 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు వరకే. బుల్డోజర్ తెచ్చి రోడ్డులా తీస్తే ఎండ నేల మీద పడి కలుపంతా అక్కడే మొలుస్తుంది.

అసలు తలనొప్పి చదును నేలది. చిత్తడి దగ్గరికొచ్చేసరికి వాలే ఉండదు, నీళ్లకి దారీ ఉండదు. ఏడాదిలో పెద్ద పోటు రోజున అక్కడికెళ్లి, నీళ్లు మోసుకొచ్చి వదిలిన ఎండుగడ్డి, చెత్త ఎక్కడిదాకా గీతలా పడ్డాయో దాని పొడుగునా పుల్లలు గుచ్చండి. ఆ గీతకి పైన ఉన్నంతవరకు నేలబాట. కింద మాత్రమే చెక్క. ఈ గుర్తులు పెట్టకుండా ఎండాకాలంలో గీసిన బాటలు మొదటి పోటుకే బురద. బురద పడితే జనం పక్కనుంచి నడుస్తారు, రెండడుగుల బాట ఇరవై అడుగులవుతుంది. దానికి కంచె కట్టినా ఉపయోగం లేదు. పొడిగా ఉండే బాట ఇస్తేనే జనం బాటలో ఉంటారు.

దొంగదారులకి బోర్డు పెట్టి ఊరుకోకండి. దారి మొదట్లో కంటికి కనిపించినంత దూరం, అంటే ఓ 30 అడుగులు, నేల గుల్ల చేసి, ఎండు కొమ్మల్ని నిలువుగా పాతి, అక్కడి మొక్కలే నాటండి. దారి కనిపించకపోతే ఎవరూ వెళ్లరు. మిగతాది దానంతటదే పూడిపోతుంది. ఒక్కటి: కొత్త బాట తెరిచాకే పాతవి మూయండి. ముందు మూస్తే ఆరో దారి పుడుతుంది.

బండ్లు ఆపే స్థలమే మీ ఆనకట్ట. ఎంతమంది రావాలో దాన్నిబట్టే తేలుతుంది. పది బండ్లకి చోటిస్తే ఒకేసారి లోపల ఉండేది పాతిక, ముప్పై మంది. దాన్ని రోడ్డు పక్క మెరకలోనే పెట్టండి, దిబ్బల దగ్గరికి బండి రానివ్వొద్దు.

ఉప్పుగాలి

మేస్త్రిగారు చెప్పినదానికి చెక్క సంగతి కలుపుతాను.

చిత్తడిని తిన్నగా, వెడల్పైన చోట దాటాలనే ఆలోచన మానుకోండి. అంచు వెంట మెరక మీద నడిపించి, అతి సన్నని చోట దాటించండి. చెక్కబాట నీడ పడితే కింద ఉప్పు గడ్డి చచ్చిపోతుంది. గడ్డి పోతే వేళ్లు పట్టి ఉంచిన మట్టి కరిగి కింద గుంట పడుతుంది, స్తంభాలు వదులవుతాయి. అందుకని వాడుకలో ఉన్న కొలత ఇది: చెక్కబాట ఎంత వెడల్పో, చిత్తడి నేల నుంచి కనీసం అంత ఎత్తులో ఉండాలి. 4 అడుగుల వెడల్పుకి 4 అడుగుల ఎత్తు. ఉత్తర దక్షిణాలుగా వేస్తే నీడ రోజంతా ఒకేచోట ఉండకుండా కదులుతుంది. వెలుతురు దిగే జాలీ పలకలు ఇంకా మేలు. మరో చిక్కు, నడిచే చోటు నేలకి 30 అంగుళాలు మించి ఎత్తుంటే చాలాచోట్ల కట్టడ నిబంధనల ప్రకారం పక్క కటకటాలు తప్పవు. అక్కడినుంచి ఖర్చు తడిసి మోపెడవుతుంది. దాటే దూరం తగ్గించమనేది అందుకే.

స్తంభాలు దించేముందు ఇనుప ఊచతో ప్రతి 8 అడుగులకూ పొడిచి గట్టి నేల ఎంత లోతులో ఉందో రాసుకోండి. కుళ్లిన గడ్డిమట్టిలో ఊచ ఒకచోట 3 అడుగులకి ఆగుతుంది, పక్కనే 11 అడుగులు దిగుతుంది. అలాంటిచోట మరమేకులా తిరుగుతూ దిగే స్తంభాలు, స్క్రూ పైల్స్ అంటారు, మంచివి. చిన్న యంత్రంతో దిగుతాయి, తవ్విన మట్టి బయటికి రాదు, ఎంత బిగువుగా తిరిగిందో చూసి ఎంత బరువు మోస్తుందో లెక్కకట్టొచ్చు. కాంక్రీటు దిమ్మ పెడితే తన బరువుకే కుంగుతుంది.

మేకులు, బోల్టుల దగ్గర కక్కుర్తి పడితే మొదటికే మోసం. ఉప్పు గాలికి 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు మచ్చలు పడి గుంటలు పడుతుంది. 316 తీసుకోండి, అందులో ఉన్న మాలిబ్డినం ఉప్పుని తట్టుకుంటుంది. చెదలు పట్టకుండా రాగి మందు ఎక్కించిన చెక్కకి అల్యూమినియం అస్సలు తగలకూడదు, పలుచటి జింకు పూత మేకులు కూడా నిలవవు. స్టెయిన్‌లెస్ బోల్టుకి జింకు పూత వాషరు వేస్తే వాషరు కరిగిపోతుంది. బోల్టు, నట్టు, వాషరు మూడూ ఒకే లోహం. పలకలకి మేకులు కాదు, స్క్రూలు. తడికి ఉబ్బి ఎండకి కుంచించుకుంటూ చెక్క మేకుని పైకి తోసేస్తుంది, అదే స్క్రూ అయితే పాడైన పలక ఒక్కటే విప్పి మార్చుకోవచ్చు. పచ్చిగా ఉన్న పలకల మధ్య అరంగుళం సందు వదిలేస్తే ఎండాక అది ముప్పావంగుళం అవుతుంది, చేతికర్ర కొస ఇరుక్కుంటుంది. పచ్చివి దగ్గర దగ్గరగా, ఆరినవి పావంగుళం ఎడంగా.

తుపాను పొంగుకి చెక్కబాట విరగడం కంటే ముందు తేలుతుంది. చెక్క కదా. కిందినుంచి నీరు ఎత్తుతుంటే స్తంభానికి దూలం బోల్టు చేసి లేకపోతే బాట మొత్తం కొట్టుకుపోతుంది. రెండో పద్ధతి, పలకల్ని 8 అడుగుల చట్రాలుగా కట్టి, ఊడినా దూరం పోకుండా ఉక్కు తాడుతో కట్టేయడం. పొంగు తగ్గాక ఎత్తి పెట్టుకోవచ్చు.

ఇక దిబ్బలు. తిన్నగా కోసుకుపోయే దారి గాలికి గరాటా. ఆ సందులోంచి గాలి ఇసుకని ఊడ్చుకుపోతూ గండి చేస్తుంది, తుపాను నీళ్లు అదే గండిలోంచి లోపలికొస్తాయి. దారి ఎప్పుడూ ఎక్కువగా వీచే గాలికి ఏటవాలుగా ఉండాలి, మధ్యలో ఒక వంపైనా ఉండాలి. దిబ్బ గడ్డి ఇసుకలో కూరుకుపోవడాన్ని తట్టుకుంటుంది. యూరప్ తీరాల్లో మారమ్ గడ్డి ఏడాదికి మూడడుగుల ఇసుక మీద పడినా పైకి లేస్తుంది. కాలి కింద పడితే మాత్రం బతకదు.

దిబ్బ మీద నా ఓటు శాశ్వత చెక్కబాటకి కాదు, తాళ్ల చెక్కబాటకి. నాలుగడుగుల చెక్కల్ని అంగుళం, రెండంగుళాల ఎడంతో రెండు తాళ్లకి గుచ్చి ఇసుక మీద నిచ్చెనలా పరవడమే. ఇసుక కప్పేస్తే పైకి లాగి మళ్లీ పరుస్తారు, తుపానుకి ముందు చుట్టి లోపల పెడతారు.

బాటమేస్త్రి

ఉప్పుగాలి గారూ, తాళ్ల చెక్కబాట చక్రాల కుర్చీకి పనికిరాదు, నిటారు దిబ్బ మీద జారుతుంది కూడా. జనం బాగా వచ్చే ఒక్కచోటైనా స్తంభాల మీద దిబ్బ దాటించాలి. దిబ్బ శిఖరానికి మూడడుగుల పైన వేస్తే కింద గడ్డి పెరుగుతుంది, ఇసుకా కదులుతుంది.

ఉప్పుగాలి

మూడడుగులు ఈ రోజుకి. దిబ్బ పెరిగితే బాటే పూడుతుంది, అప్పుడు జనం దాని పక్కన నడుస్తారు. స్తంభాల బాటే వేయాలనుకుంటే దూలాల్ని పైకి జరుపుకోవడానికి స్తంభాలు అదనపు ఎత్తుతో వదలండి. దానికి ఒప్పుకుంటాను.

మూసిన దొంగదారుల్లో గండ్లు పూడ్చడానికి నాలుగడుగుల కర్రపేళ్ల కంచె పెట్టండి. పేళ్లూ సందులూ సగం సగం ఉండాలి. గట్టిగా మూసిన తడిక పెడితే గాలి సుడి తిరిగి దాని అడుగునే తవ్వేస్తుంది. ఇసుక నిలిచాక, ఆ తీరంలోనే సహజంగా పెరిగే గడ్డి దుబ్బుల్ని రెండు మూడు పిలకలు కలిపి 8 అంగుళాల లోతున, 18 అంగుళాలకొకటి చొప్పున నాటండి. లోతు తగ్గితే గాలికి వేళ్లు బయటపడి ఎండిపోతాయి.

కొత్త_ట్రస్టీ

చాలా ఉపయోగం. గట్టు బాట సంగతి కమిటీకి ఆ 50 అడుగుల లెక్కతోనే చెబుతాను. ఇంకో రెండు అడుగుతాను. చక్రాల కుర్చీలకి కనీసం ఒక భాగమైనా అనుకూలంగా ఉండాలంటే కొలతలేమిటి? బీచి మీద పక్షులు నేల మీదే గుడ్లు పెడుతున్నాయట. కుక్కల్ని పూర్తిగా నిషేధించాలా?

బాటమేస్త్రి

అమెరికా అటవీ శాఖ బాటల కొలతలు చాలామంది వాడతారు. వెడల్పు 3 అడుగులకి తగ్గకూడదు. 5 అడుగుల కంటే సన్నగా ఉంటే ప్రతి 1000 అడుగులకీ ఎదురెదురు తప్పుకోవడానికి 5 అడుగుల చదరం. వాలు 5 శాతం వరకు ఎంత దూరమైనా సరే. 8.33 శాతమైతే 200 అడుగులు, 10 అయితే 30 అడుగులు, 12 అయితే 10 అడుగులు, ఆ తర్వాత ఆగడానికి చదును. పలకల మధ్య సందు అరంగుళం మించకూడదు, పలకలు నడిచే దిశకి అడ్డంగా ఉండాలి.

నేలబాటకి ముప్పాతిక అంగుళం కంకర వద్దు, గుండ్రటి గులకరాళ్లు అసలే వద్దు, చక్రం కింద దొర్లుతాయి. క్రషర్‌లో ఆడించిన, పొడితో సహా వచ్చే సన్న చిప్స్ తెప్పించి, తడిపి, రెండు పొరలుగా మొత్తం 4 అంగుళాలు దిమ్మిస కొట్టండి. పొడి జల్లించేసిన సరుకు ఇస్తే వెనక్కి పంపండి, అది ఎన్నాళ్లు కొట్టినా గట్టిపడదు. లోడు వచ్చిన క్వారీలో కలుపు మొక్కలున్నాయేమో కూడా చూడాలి. బయటి కలుపు ఇలాంటి భూముల్లోకి ఎక్కువగా లారీలోనే వస్తుంది. ఈ చిప్స్ మెరక వరకే, దిబ్బ మీద వేయకండి.

ముఖద్వారం బోర్డు మీద "అనుకూలం" అని ఒక్క ముక్క రాసి వదిలేయకండి. ఎంత దూరం, ఎక్కువ వాలు ఎంత, సన్నని చోట ఎంత వెడల్పు, నేల ఏ రకం, ఈ నాలుగూ రాస్తే ఎవరు వెళ్లగలరో వాళ్లే నిర్ణయించుకుంటారు.

రెక్కల_లెక్క

పక్షుల సంగతి నేను చెబుతాను. నేల మీద గుడ్లు పెట్టే ఉల్లంకులు (ప్లోవర్లు), రేవు పక్షులు (టెర్నులు) పోటు గీతకీ దిబ్బ మొదలుకీ మధ్య ఉన్న ఆ సన్నని పట్టీనే ఎంచుకుంటాయి. జనం నడవడానికి ఇష్టపడేదీ అదే. గుడ్డు ఇసుక రంగులో, చిన్న మచ్చలతో ఉంటుంది. రెండడుగుల దూరంలో నిలబడి కూడా కనిపెట్టలేరు. తొక్కడం ఒక్కటే ప్రమాదం కాదు. మనిషిని చూసి తల్లి లేచిపోతే ఎండకి గుడ్డు ఉడికిపోతుంది.

అమెరికా అట్లాంటిక్ తీరంలో పైపింగ్ ప్లోవర్‌కి గూడు చుట్టూ 50 మీటర్లు వదిలి కర్రలు, తాడు, బోర్డులు కడతారు. మీ దగ్గరున్న జాతికి ఎంత కావాలో స్థానిక పక్షి నిపుణుడితో దూరం నుంచి పరీక్షించండి. తల ఎత్తి చూడటం మొదలుపెట్టిన దూరం ఒకటి, లేచిపోయిన దూరం ఒకటి ఉంటాయి. తాడు కట్టాల్సింది మొదటి దూరంలో. ఉల్లంకి పిల్లలు పుట్టిన కొన్ని గంటలకే నడుచుకుంటూ నీటి అంచుకి మేతకి పోతాయి, కాబట్టి గుడ్లకి కట్టిన తాడు పిల్లలకి చాలదు, జరపాలి. పోటు వదిలిన ఎండుగడ్డిలోని పురుగులే వాటి తిండి. అందుకని యంత్రంతో బీచి శుభ్రం చేయించకండి, ప్లాస్టిక్ చేత్తో ఏరిస్తే చాలు.

కుక్కల విషయంలో నా మాట సూటిగా చెబుతాను. గూళ్ల కాలంలో బీచి మీద, దిబ్బల మీద పూర్తి నిషేధం. "తాడు కట్టి తీసుకురావచ్చు" అనే రూలు కాగితం మీదే ఉంటుంది, ఎవరూ చూడనప్పుడు తాడు విప్పుతారు. కట్టి ఉన్నా పక్షి లెక్కలో అది కుక్కే, మనిషిని చూసిన దానికంటే దూరం నుంచే లేస్తుంది. మెరక చెట్ల చుట్టూ వేసే చుట్టుబాటలో ఆరడుగుల తాడుతో ఏడాది పొడుగునా రానివ్వండి. ఒక చోటు ఇచ్చి ఇంకో చోటు వద్దంటే జనం వింటారు.

బీచి మీద చెత్త డబ్బా పెట్టొద్దు. నిండి పొర్లితే కాకులు, నక్కలు అలవాటుపడతాయి, వాటికి తర్వాత దొరికేవి గుడ్లే. తాబేళ్లు ఎక్కే తీరమైతే సముద్రం వైపు ఒక్క దీపమూ ఉండకూడదు, దిబ్బ దాటే బాట మీద కూడా. ఇసుక నిలిపే కంచె కూడా బీచికి అడ్డంగా గోడలా ఉండకుండా, తాబేలు తప్పుకుపోయేలా ముక్కలు ముక్కలుగా ఉండాలి.

కొంత భాగం మూయడం దాత షరతుకి విరుద్ధం అనేవాళ్లు మీ కమిటీలో తప్పకుండా ఉంటారు. ఇంగ్లండ్‌లో నార్ఫోక్ తీరాన బ్లేక్నీ పాయింట్ 1912లో దానంగా నేషనల్ ట్రస్టు చేతికి వచ్చింది. జనం వెళ్లే చోటే, అయినా రేవు పక్షులు గూళ్లు పెట్టేచోట ఆ కాలంలో అడుగు పెట్టనివ్వరు. పైన దస్తావేజుగారు చెప్పిన "మూసే అధికారం" వాక్యం ఉంటే ఈ వాదన మొదటి మీటింగులోనే తేలిపోతుంది.

దస్తావేజు

ఒక్క ముక్క కలుపుతాను. ప్రవేశ రుసుము పెట్టే ముందు లాయరుని అడగండి. ఉదాహరణకి అమెరికా రాష్ట్రాల్లో, ఉచితంగా జనాన్ని నడవనిచ్చే భూయజమానికి ప్రమాద బాధ్యత నుంచి కొంత రక్షణ ఇచ్చే చట్టాలున్నాయి. రుసుము తీసుకుంటే ఆ రక్షణ పోవచ్చు. విరాళాల డబ్బా వేరు, టికెట్టు వేరు.

ఉప్పుగాలి

వరస అడిగారు కాబట్టి: మొదటి ఏడాది మెరకలో చుట్టుబాట, పార్కింగ్, గట్టు దగ్గర ఒక్క చూపుచోటు. బీచికి ప్రస్తుతానికి ఉన్న దొంగదారుల్లో గాలికి ఏటవాలుగా ఉన్నదాన్ని ఒక్కటే తాళ్ల చెక్కబాటతో ఉంచి మిగతావి మూయండి. ఈలోగా అన్ని కాలాల పోటు గీతలూ గుర్తించడం అవుతుంది. చిత్తడి దాటే చెక్కబాట రెండో ఏడాది, స్తంభాల కొలతలు చేతికొచ్చాక. తర్వాత ప్రతి పెద్ద పోటు మర్నాడు, ప్రతి తుపాను తర్వాత ఒకరు బోల్టు పానా, కొన్ని అదనపు పలకలు, 316 స్క్రూల డబ్బా పట్టుకుని మొత్తం నడవాలి. చెక్కబాట కింద ఎండుగడ్డి చాపలా పేరుకుంటే అప్పుడే లాగేయండి, వారాల తరబడి వదిలితే కింద గడ్డి చచ్చిపోతుంది.